పంచమ శబ్దం: లేని వర్ణానికి పెట్టిన పేరు

మా తాతగారి ట్రంకుపెట్టె అడుగున ఒక కాగితం ఉన్నది. వంశధార ఒడ్డున ఒక పల్లెలో, ఊరికి ఎడంగా నడిచిన చిన్న బడి ఇచ్చిన కాగితం అది. మడతల వద్ద చిరిగితే ఎవరో వెనుక గుడ్డముక్క అతికించారు. పేరు, తండ్రి పేరు, తరగతి, వీటి తరువాత కులమన్న మాట ఎదుట నల్ల సిరాతో "పంచమ" అని వ్రాసి ఉన్నది. ఆ కాగితాన్ని చొక్కా లోపల దాచుకొని ఆయన రైలెక్కి, అప్పటికింకా సాక్చీ అని పిలుచుకొనే ఈ ఊరికి వచ్చారు. కొలిమి దగ్గర పని ఇచ్చినవారు ఆ కాగితాన్ని అడగలేదట. అయినా ఆయన దానిని పారవేయలేదు.

కిందటి ఏడు పెట్టె సర్దుతూ ఉండగా నా మనుమరాలు ఆ కాగితం చూసింది. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదివి, "తాతయ్యా, మనం అయిదోవాళ్ళమా? మరి మొదటి నలుగురూ ఎవరు? ఆరోవాళ్ళు ఎవరు?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు ఏదో చెప్పాను. రెండవ ప్రశ్నకు తడుముకున్నాను. మూడవదానికి సమాధానమే లేకపోయింది. ఈ సంచికకు ఏదైనా వ్రాయమని సంఘ మిత్రులు కోరినప్పుడు, ఆ పిల్లకు చెప్పలేకపోయిన సమాధానమే వ్రాద్దామనుకున్నాను.

పంచమ శబ్దానికి నిఘంటువు చెప్పే అర్థం చాలా చిన్నది: అయిదవది. తెలుగువారికి ఈ మాటతో పేచీ లేదు. తిథులలో పంచమి ఉన్నది. సంగీతంలో పంచమ స్వరం ఉన్నది, షడ్జంతో పాటు చలించని స్వరం కనుక దానికి ప్రత్యేక గౌరవం కూడా ఉన్నది. వేదాలు నాలుగే అయినా మహాభారతాన్ని పంచమవేదమని పిలుచుకొని మనవారు మురిసిపోయారు. నాలుగింటి తరువాత అయిదవదిగా చేర్చడం అక్కడ పట్టాభిషేకం. మనుషుల దగ్గరకు వచ్చేసరికి అదే సంఖ్య వెలివేత అయింది. కనుక దోషం సంఖ్యది కాదు. లెక్కపెట్టినవారు ఎవరు, ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు అన్నది చూడాలి.

ఋగ్వేదంలో పంచజనులు అనే మాట పలుమార్లు వస్తుంది. అయిదు జనసమూహాలు అని స్థూలార్థం. ఆ అయిదుగురు ఎవరన్నది తరువాతి కాలంవారికే అంతుపట్టలేదు. యాస్కుడు తన నిరుక్తంలో ఈ మాట దగ్గర ఆగి రెండు అభిప్రాయాలు నమోదు చేశాడు. గంధర్వులు, పితరులు, దేవతలు, అసురులు, రాక్షసులు అని కొందరన్నారట. నాలుగు వర్ణాలు, అయిదవవాడు నిషాదుడు అని ఔపమన్యవుడనే ఆచార్యుడన్నాడట. మనుషులలో అయిదవవాడంటూ ఒకడు ఒక వర్గం పేరుతో స్పష్టంగా కనబడే పాత చోట్లలో ఇది ఒకటి. ఇక్కడ రెండు సంగతులు గమనించవలె. ఆ అయిదవవాడు లెక్క బయట లేడు, లోపలనే ఉన్నాడు. యజ్ఞఫలం కోరే జనంలో అతడూ ఒకడు. రెండవది, అతడు నిషాదుడు. అంటే అడవి మనిషి, వేటగాడు, చేపలు పట్టేవాడు.

ఈ ఊళ్ళో ఉండి ఆ వాక్యం చదివితే ఒక చిత్రమైన భావన కలుగుతుంది. మన కర్మాగారం లేచిన నేల సింగ్‌భూమ్. మన చుట్టూ ఉన్నవారు హో జనం, సంతాలులు, ముండాలు, భూమిజులు. నిషాదులంటే సరిగ్గా వీరే అని నేననను, అటువంటి సమీకరణాలు చరిత్రకారులు చేయదగినవి కావు. అయితే బయటివారు నిషాదులని, కోలులని ఎన్ని పేర్లు పెట్టినా, హో అనే మాటకు వారి భాషలో అర్థం "మనిషి". సంతాలీలో "హొడ్", ముండారీలో "హొరొ", అర్థం అదే. తమను తాము మనిషి అని మాత్రమే పిలుచుకొనే ప్రజకు పై నుంచి లెక్కపెట్టి వరుససంఖ్య వేయవలసిన అవసరం రాలేదు. మా తాతగారు హో మాట నాలుగు ముక్కలు నేర్చుకున్నారు. కొలిమి దగ్గర తన జతగాడు మొదటి రోజు తన పేరు కూడా అడగకుండా ఆ మాటతోనే పిలిచాడని చెప్పేవారు.

నిషాదుడు అయిదవవాడుగా లోపల ఉన్న స్థితి నుంచి, చండాలుడు అన్నింటికీ బయట నిలబడిన స్థితికి దారి ఎట్లా పడింది? దీనికి సాక్ష్యం ధర్మశాస్త్రాలకంటె ముందు ఒక వ్యాకరణ గ్రంథంలో దొరుకుతుంది. పాణిని ఒక సూత్రంలో, బహిష్కృతులు కాని శూద్రుల పేర్లు రెండు కలిపి సమాసం చేస్తే అది ఏకవచనంలో ఉండాలన్నాడు. వ్యాకరణానికి ఇది చిన్న విషయం. సా.శ.పూ. 2వ శతాబ్దిలో పతంజలి మహాభాష్యం వ్రాస్తూ ఈ సూత్రం దగ్గర ఒక ప్రశ్న వేశాడు: బహిష్కృతులు అంటే దేని నుంచి బహిష్కృతులు? ఆర్యావర్తం నుంచి అందామా అంటే లెక్క కుదరలేదు. ఆర్యుల నివాసాల నుంచి అందామా అంటే, చండాలులు, మృతపులు పెద్ద ఊళ్ళలోనే నివసిస్తున్నారు కదా అన్నాడు. యజ్ఞకర్మ నుంచి అందామా అంటే, అప్పుడు వడ్రంగి, కమ్మరి, చాకలి, సాలె కూడా బహిష్కృతుల కిందకే వస్తారు. చివరకు పాత్ర దగ్గర తేల్చాడు. ఎవరు తిన్న పాత్ర శుద్ధి చేస్తే తిరిగి పనికివస్తుందో వారు బహిష్కృతులు కారు. ఎవరు తిన్న పాత్ర ఎంత శుద్ధి చేసినా పనికిరాదో వారు బహిష్కృతులు.

ఈ చర్చను నేను చాలాసార్లు చదివాను. కోపం కంటె ఆశ్చర్యమే ఎక్కువ కలుగుతుంది. మనిషి అంతస్తును తేల్చడానికి దేశం చాలలేదు, ఊరు చాలలేదు, యజ్ఞం చాలలేదు. ఒక కంచం కావలసివచ్చింది. ఇన్ని శతాబ్దాల తరువాత టీకొట్టులో విడిగా పెట్టిన గ్లాసు ఎరిగినవారికి ఇందులో కొత్తేమీ లేదు. మన ఊళ్ళలో చూరుకింద బోర్లించిన ఆ గ్లాసు పతంజలి నాటి పాత్రకు వారసురాలే. మరొక విషయం. పతంజలి దృష్టిలో చండాలుడు కూడా శూద్రులలో ఒక భాగమే. ఆయనకు అయిదవ వర్ణం అక్కరలేకపోయింది.

ఆ తరువాతి వాడు మనువు. ధర్మశాస్త్రం పదవ అధ్యాయంలో ద్విజులు ముగ్గురని, శూద్రుడు నాలుగవవాడని చెప్పి, అయిదవది లేదని తేల్చివేశాడు. ఇది చదివి కొందరు సంస్కర్తలు సంతోషించారు. అయిదవ వర్ణం లేదు కనుక అంటరానివారు నాలుగవ వర్ణంలోనివారే, కనుక హిందువులే అన్నారు. బాబాసాహెబ్ అంబేద్కర్ ఆ వాదాన్ని అంగీకరించలేదు. మనువు అయిదవది లేదన్నది వారిని లోపలికి తీసుకోవడానికి కాదు, వారికోసం ఇంటిని పెంచడం ఇష్టంలేక అన్నాడని ఆయన వివరించారు. ఇంట్లో నాలుగే గదులు. అయిదవ గది కట్టేది లేదు. కనుక మిగిలినవాడు వాకిట్లో ఉండాలి. వర్ణబాహ్యుడు అనే మాటకు అర్థం అదే. అదే అధ్యాయంలో చండాలుని నివాసం ఊరి బయట అని విధించడం చూస్తే బాబాసాహెబ్ వ్యాఖ్యయే పొసగుతుంది. 5వ శతాబ్ది ఆరంభంలో ఉత్తర భారతం తిరిగిన చైనా భిక్షువు ఫాహియాన్, చండాలులు నగరంలో అడుగుపెట్టేటప్పుడు కర్రముక్క చప్పుడు చేస్తూ తమ రాక తెలిపేవారని వ్రాశాడు. శాస్త్రంలో లేని అయిదవవాడు వీధిలో చప్పుడు చేస్తూ నడుస్తున్నాడు.

మన పాళీ గ్రంథాలలో అయిదవ వర్ణం ఉన్నదా? ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవాలి. వర్ణాలను పేర్కొనవలసివచ్చినప్పుడు బుద్ధ భగవానుడు కూడా నాలుగే పేర్కొన్నాడు. అవి నాటి సమాజం వాడుకలోని మాటలు. అయితే క్షత్రియ శబ్దాన్ని ముందు పెట్టి, బ్రాహ్మణ శబ్దాన్ని తరువాత పెట్టడం పాళీ సంప్రదాయం. నీచకులాలు అన్న పేరిట చండాల, నేసాద, వేణ, రథకార, పుక్కుస అని అయిదింటిని నికాయాలు చెబుతాయి. నేసాదుడు మళ్ళీ వచ్చాడు చూడండి. ఇక్కడ కులమంటే ఇల్లు, కుటుంబం అనే అర్థం. నేటి తెలుగు అర్థం కాదు. ఈ జాబితాను భగవానుడు ఎందుకు చెప్పాడో చూడాలి. ఆ ఇళ్ళలో పుట్టినవాడు మంచి నడవడితో వెలుగులోకి పోగలడని, ఉన్నత గృహంలో పుట్టినవాడు చీకట్లోకి పోగలడని చెప్పడానికి. అస్సలాయన సుత్తంలో ఆయన వాదన మరింత పదునైనది. యోన, కంబోజ దేశాలలో రెండే వర్ణాలున్నాయి, యజమాని, దాసుడు. అక్కడ యజమాని దాసుడు కావచ్చు, దాసుడు యజమాని కావచ్చు అని ఆ బ్రాహ్మణ యువకునికి గుర్తుచేశాడు. అంటే నాలుగు అన్న సంఖ్యకు ప్రకృతిలో ఆధారం లేదు, సరిహద్దు దాటితే లెక్క మారిపోతుంది అని.

నదుల ఉపమానం మనందరికీ తెలుసు. మహానదులు సముద్రంలో కలిసి తమ పూర్వనామాలు విడిచినట్లు, నాలుగు వర్ణాలవారు సంఘంలో చేరి తమ పూర్వ నామగోత్రాలు విడుస్తారని. ఆ సుత్తంలో పేర్కొన్న నదులు గంగ, యమున, అచిరవతి, సరభు, మహి. అయిదు. వర్ణాలు నాలుగు, నదులు అయిదు. దీని నుంచి సిద్ధాంతం లాగడం నా ఉద్దేశం కాదు. ఆ కాలాన అయిదు మహానదులను కలిపి చెప్పడం వాడుక. అయినా వీధులు ఊడ్చి, వాడిన పూలు ఎత్తిపోసిన సునీతుడు భిక్షువై, తన కథ తానే చెప్పుకొన్న గాథలు థేరగాథలో చదివినప్పుడల్లా, ఆ లెక్కలో అయిదవ నది అతనిదేనేమో అని నాకు అనిపిస్తుంది. ఇది చరిత్ర కాదు, ఉపాసకుని మాట. చరిత్రలోకి తిరిగి వస్తాను.

చరిత్ర మన తెలుగునేలపైనే శాసనంగా ఉన్నది. అమరావతి మహాచైత్యానికి దానాలిచ్చినవారు తమ పేర్లు రాళ్ళపై చెక్కించుకున్నారు. వారిలో గహపతులున్నారు, సుగంధ ద్రవ్యాల వర్తకులున్నారు, కోశాధికారులున్నారు, ఉపాసికలు, భిక్షుణులున్నారు. కణ్హుడనే దమిళుడు తన తోబుట్టువులతో కలిసి ఇచ్చిన దానమున్నది. వారి నడుమ విధికుడు అనే పేరున్నది. ఉపాధ్యాయుడు నాగుని కొడుకు విధికుడు, తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానమిచ్చాడు. తన పేరు ముందు తన వృత్తిని చెప్పుకున్నాడు: చమ్మకార. అంటే తోలుపని చేసేవాడు.

ఈ ఒక్క శాసనం గురించి ఎంత చెప్పినా తక్కువే. చమ్మకారుని తండ్రి ఉపాధ్యాయుడు. తోలుపని చేసే ఇంట చదువు చెప్పేవాడున్నాడు, లేదా చదువు చెప్పేవాని ఇంట తోలుపని చేసేవాడున్నాడు. ఎటు చదివినా తరువాతి కాలపు నియమాలకు పొసగని ఇల్లు అది. తన వృత్తి పేరును దాచుకోవలసిన అవసరం విధికునికి కనబడలేదు. ఆ పలకపై చెక్కినది పూర్ణఘటం, అంటే నిండుకుండ. పతంజలి ఏ పాత్రను శుద్ధికాదన్నాడో ఆ పాత్రను తోలుపనివాడు మహాచైత్యానికి అర్పించాడు, సంఘం స్వీకరించింది. పనిగట్టుకొని ధిక్కారంగా చేశాడని నేను అనను. అది మహాచైత్య శిల్పంలో పరిపాటిగా కనిపించే మంగళచిహ్నం. తక్కిన దాతలు ఇచ్చినట్లే ఇచ్చాడు. ఆ "తక్కినవారిలాగే" అన్న మాటలోనే నాకు విశేషం కనిపిస్తుంది. ఆ రాతిపై అతనికి వరుససంఖ్య లేదు.

ఆ చైత్యాలు మూతపడి, దిబ్బలై, ఊళ్ళకు ఇటుకల గనులైన తరువాత వెయ్యేళ్ళ కథ ఇక్కడ చెప్పను. మధ్యయుగపు తెలుగు శాసనాలలో "అష్టాదశ ప్రజ" అనే మాట వస్తుంది. లెక్కలు మారుతూనే ఉన్నాయి.

పంచమ శబ్దం ప్రభుత్వ కాగితాలకెక్కినది మద్రాసు ప్రెసిడెన్సీలో, 19వ శతాబ్ది చివరి పదేళ్ళలో. అంతకుముందు దొరల వ్రాతలలో తమిళుల పరయ శబ్దమే అందరికీ వాడేవారు. అది తిట్టుగా మారింది కనుక సంస్కృతం మాట ఒకటి కావలసివచ్చింది. 1893లో మద్రాసు ప్రభుత్వం అంటరానివారి చదువుకు సంబంధించి ముఖ్యమైన ఉత్తర్వు ఇచ్చింది. తరువాతివారు దానిని పంచమ విద్యకు అధికారపత్రంగా చెప్పుకున్నారు. బళ్ళు వచ్చాయి, పలకలు వచ్చాయి, ఉపకారవేతనాలు వచ్చాయి. వాటితోపాటే ఈ పేరూ వచ్చింది. మనువు లేదన్నదానిని గుమాస్తా ఉన్నదని వ్రాశాడు. మా తాతగారు అక్షరాలు నేర్చినది అటువంటి బడిలోనే. కనుక ఆ మాటను ద్వేషించడం కూడా నాకు అంత సులువు కాదు.

ఆ పేరు పెట్టడంలో మనవారి పాత్ర కూడా ఉన్నది. బౌద్ధ పునరుజ్జీవనానికి ఎంతో చేసిన కర్నల్ ఆల్కాట్ 1894లో అడయారులో పేదపిల్లలకు బడి తెరిచి, ఆ బళ్ళకు పంచమ పాఠశాలలనే పేరే ఉంచాడు. అది ఆ కాలపు వాడుక, దురుద్దేశం కాదు. అయితే ఆయనను ఆశ్రయించిన అయోతీదాస్ పండితుడు వేరే దారి తొక్కాడు. 1898లో ఆయన సింహళం వెళ్ళి శీలాలు స్వీకరించి, తిరిగివచ్చి మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం స్థాపించాడు. పరయలని పిలువబడేవారు వెనుకటి బౌద్ధులేనని, ధమ్మం పడిపోయిన తరువాతనే వారిని తక్కువ చేశారని ఆయన వాదించాడు. ఆ సంఘం శాఖ కోలారు బంగారు గనులలోనూ ఏర్పడింది. గనిలో దిగే కూలీలు సాయంత్రం త్రిశరణాలు చెప్పుకొన్న ఊరు అది. పని కోసం పల్లె విడిచినవారి ఊళ్ళో ధమ్మం నాటుకోవడం మనకు అపరిచితమైన సంగతి కాదు. ఆ సంఘానికి అండగా నిలిచిన ఆచార్య పొకల లక్ష్మీనరసు 1907లో వెలువరించిన బౌద్ధ సారం అన్న ఇంగ్లీషు గ్రంథం తిరిగి అచ్చయినప్పుడు, 1948లో బాబాసాహెబే దానికి ముందుమాట వ్రాశారు. అదే ఏడు వచ్చిన తన అంటరానివారు గ్రంథంలో, ధమ్మాన్ని విడువని ఛిన్న జనులే అంటరానివారైనారని ఆయన ప్రతిపాదించారు. అయోతీదాస్ మాటకు దగ్గరగా వచ్చే ప్రతిపాదన ఇది. పాత కాలానికి సాక్ష్యాలు తక్కువ కనుక తన మాటలో ఊహ ఎంత ఉన్నదో ఆయనే ఒప్పుకున్నారు. మనం ఆయనకంటె ఎక్కువ నిశ్చయంగా మాట్లాడనక్కరలేదు.

తెలుగునాట పంచమ శబ్దానికి ఎదురు నిలిచినది 1917 నవంబరులో, బెజవాడలో. ప్రథమాంధ్ర పంచమ మహాజన సభ అనే పేరుతో పిలిచిన సభ అది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. 1888లో జన్మించిన ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, హరికథల ద్వారా వాడలలో ప్రచారం చేసినవాడు. 1913లో బుద్ధజయంతి జరిపించినవాడు. ఆ పనిని ఈనాటి మన వైశాఖ పూర్ణిమ సభలకు తెలుగునాట తొలి మెట్టుగా నేను భావిస్తాను. అధ్యక్షపీఠం నుంచి ఆయన సభ పేరునే ప్రశ్నించాడు. పంచమ అనే మాట పురాణాలలో గాని శాస్త్రాలలో గాని లేదు, మనం ఈ నేలకు ఆదివాసులం, ఆది ఆంధ్రులం అన్నాడు. పంచమ సభగా పిలిచిన సభ ఆది ఆంధ్ర సభగా ముగిసింది.

యాస్కుని పుట ఎరిగినవాడు ఇక్కడ చిన్న సవరణ చేయవచ్చు: మాట ఉన్నది, కాని అది నిషాదుని గురించి. ఆది అన్న వాదం కూడా ఆ కాలపు ఆర్య, ద్రావిడ జాతి సిద్ధాంతాల నీడలో పుట్టినది. నేటి చరిత్రకారుడు దానిని యథాతథంగా అంగీకరించడు. కాని ఆ సభలో జరిగినది నిరుక్తంపై చర్చ కాదు. తమకు ఇతరులు పెట్టిన పేరును విని, అది మాకు అక్కరలేదని అనుకొని, తమ పేరు తామే పెట్టుకోవడం. ఒక్క అక్షరపు దూరంలో లెక్క తలకిందులైంది: చివరివాడు మొదటివాడైనాడు. 1922లో ఎం.సి. రాజా ప్రయత్నంతో మద్రాసు ప్రభుత్వం పరయ, పంచమ శబ్దాలు మాని, ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని వ్రాయవలెనని నిర్ణయించింది. మా తాతగారి కాగితం ఆ నిర్ణయానికి ముందటిది.

ఈ బెజవాడ సభకూ 1922కూ నడుమ, 1919లో రెండు సంగతులు జరిగాయి. జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి వచ్చి, సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. అదే ఏడు వంశధార ఒడ్డున శాలిహుండం కొండపై బౌద్ధ శిథిలాలను గిడుగు రామమూర్తి గారు గుర్తించారు. మా పల్లెవారు పశువులు తోలుకెళ్ళే కొండ అది. గిడుగు వారు అప్పటికే సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలో చదువు చెప్పాలని పాటుపడుతున్నారు. సవర భాష ముండా కుటుంబానిది. ఇక్కడి హో, సంతాలీ భాషలకు చుట్టం. తాతగారు తన ఊరి కొండ కింద ఏమున్నదో తెలియకుండానే దానిని విడిచివచ్చారు. ఇక్కడ మాత్రం ఆ కొండవారి చుట్టాల నడుమ నలభై ఏళ్ళు బ్రతికారు. ఆది అనే ఉపసర్గ కూడా ఛోటానాగ్‌పుర్‌కు వచ్చింది. 1938లో ఇక్కడ ఆదివాసీ మహాసభ ఏర్పడింది, మరుసటి ఏడు జైపాల్ సింగ్ దానికి అధ్యక్షుడైనాడు.

పేర్ల కథ అక్కడ ఆగలేదు. గాంధీజీ హరిజన అన్నారు, బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. 1935 చట్టం షెడ్యూల్డ్ కులాలన్నది. షెడ్యూలు అంటే పట్టిక. మంచి చెడు చెప్పని, గుమాస్తా బల్లపై పుట్టిన మాట. ఆశ్చర్యమేమంటే, ఏ కులమూ వద్దని బెజవాడలో పెట్టుకున్న ఆది ఆంధ్ర అనే పేరు ఆ పట్టికలో ఒక కులం పేరుగా చేరిపోయింది. ఈనాటికీ ఆంధ్రప్రదేశ్ జాబితా ఆ పేరుతోనే మొదలవుతుంది.

ఈ పట్టిక మన బ్రతుకులో ఎక్కడ తగులుతుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు పట్టికలో ఉండడు. 1956లో సిక్కులకు సడలింపు ఇచ్చారు. ఆ ఏడే అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమంది బాబాసాహెబ్ వెంట ధమ్మంలోకి వచ్చారు. వారికి ఆ సడలింపు 1990 వరకు రాలేదు. ముప్పైనాలుగేళ్ళు బౌద్ధుడని వ్రాసుకున్నవాడు పట్టికలో స్థానం వదులుకోవలసివచ్చింది. ఎందరో ఇంట్లో బుద్ధుని పెట్టుకొని, కాగితంలో పాత పేరే ఉంచుకున్నారు. వారిని పిరికివారని నేననలేను. మా నాన్నగారు వారిలో ఒకరు.

పట్టికకు మరొక గుణమున్నది. అది రాష్ట్రానికొక రకం. శ్రీకాకుళంలో పట్టికలో ఉన్న మాల, మాదిగ, రెల్లి అన్న పేర్లు జార్ఖండ్ పట్టికలో లేవు. తెనాలిలో పుట్టి తండ్రి ఉద్యోగం వెంట బొంబాయి వెళ్ళిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది: ఒక రాష్ట్రపు గుర్తింపు వలస వెళ్ళినవాని వెంట మరొక రాష్ట్రానికి రాదు. ఆ తీర్పుకు న్యాయమైన కారణాలున్నాయి. ఏ నేలపై ఎవరు ఎంత అణగారిపోయారన్నది ఆ నేలను బట్టే ఉంటుంది. అయినా, అస్సలాయనునితో భగవానుడన్న మాట గుర్తుకు వస్తుంది: సరిహద్దు దాటితే లెక్క మారుతుంది. మన వాడల్లో పిల్లనడిగే వేళ, ఇల్లు అద్దెకడిగే వేళ మాత్రం ఆ పేరు రైలు టిక్కెట్టు లేకుండా మన వెంటే వచ్చింది. ఉపకారవేతనం అడిగే వేళ అది సరిహద్దు దగ్గర దిగిపోయింది.

తాతగారి కాగితాన్ని ఏం చేయాలన్నది మా సంఘ మిత్రుల నడుమ చర్చకు వచ్చింది. పూర్ణిమనాడు దహనం చేద్దామని యువకులు కొందరన్నారు. అద్దం కట్టి విహారంలో పెడదామని పెద్దలన్నారు. అద్దం కట్టేటట్లయితే దాని పక్కన విధికుని పలకపై ఉన్న వాక్యం, తెలుగులో, అంతే పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టాలని నేనడిగాను. అది ఇంకా తేలలేదు.

మనుమరాలికి ఈ ఏడు కొత్త బడి. దాని ప్రవేశపత్రం మా బల్ల మీద ఉన్నది. మా అబ్బాయి మతం ఎదుట బౌద్ధం అని కలంతో వ్రాశాడు. దాని కిందనున్న కులం గడిలో ముందు పెన్సిలుతో ఏదో వ్రాసి, చెరిపి, నా దగ్గరకు తెచ్చి పెట్టాడు. కాగితం ఆ చోట కాస్త పలచబడింది. సోమవారంలోగా ఇవ్వాలట.